మందను చూశాం, మేపును చూడలేదు

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకనాడు న్యాయాలు చెబుతున్నాను. కాకతాళీయ న్యాయం, అంధగజ న్యాయం అయిన తరువాత గడ్డరికాప్రవాహ న్యాయం వచ్చింది. గొర్రెలు ఒకదాని వెనుక ఒకటి గుడ్డిగా పోయినట్టు మనుషులు ఆలోచన లేకుండా నలుగురి వెంట పోవడం అని అర్థం చెప్పాను. వెనుక బెంచీలోని కురుమ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "గుడ్డిగ పోవు సార్. ముందట పోయే గొర్రెకు తొవ్వ ఎరుకుంటది. అది నీళ్లకాడికి తీస్కపోతదని తెలిసే కడమయి దాని ఎంబడి పోతయి. తొవ్వ ఎరుక లేని గొర్రెను మా నాయిన ముందటికి పోనియ్యడు" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఇల్లు చేరేసరికి ఆ నవ్వు నిలవలేదు.

నిలవకపోవడానికి కారణమున్నది. ఇరవై ఏళ్ల కిందట నేను అచ్చువేయించుకున్న మొదటి కవితలో ఓట్లు వేసే జనాన్ని గొర్రెల మందతో పోల్చాను. సభలో చప్పట్లు పడ్డాయి. చైతన్యం లేని ప్రజలంటే గొర్రెల మంద. మోసపోయినవాడంటే కసాయిని నమ్మిన గొర్రె. అభ్యుదయ కవిత్వంలో ఈ పోలిక చలామణి అయినంతగా చలామణి అయిన పోలికలు తక్కువ. శ్రమను గౌరవించమని చెప్పే మనం ఒక శ్రమజీవి బతుకుదెరువును తిట్టుగా వాడుతున్నామన్న సంగతి మనకు తట్టలేదు. పోలిక తప్పు కావడం చిన్న విషయం. ఆ పోలిక చేసినవాడు మందను రోడ్డుమీద నిలబడి మాత్రమే చూశాడన్నది పెద్ద విషయం.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. గొల్లకురుమలు మన లిఖిత సాహిత్యంలో లేకపోలేదు. భక్తుడుగా ఉన్నారు, వీరుడుగా ఉన్నారు, భుజాన గొంగడి వేసుకున్న ప్రతీకగా ఉన్నారు. కాని వారి చుట్టూ మేపు లేదు. మేపు అంటే గుట్ట, బంచరాయి, చెరువు శిఖం, బీడు, అడవి అంచు, కోతలైన చేను. భూమి సమస్య లేకుండా రైతు కథ రాస్తే మన విమర్శకులు ఒప్పుకోరు. మేపు సమస్య లేకుండా కాపరిని చిత్రిస్తే మాత్రం అందరమూ ఒప్పుకుంటున్నాం. ప్రభుత్వాలు గొల్లకురుమల అభివృద్ధి పేరుతో నడిపిన పథకాల్లోనూ ఇదే పొరపాటు ఉన్నది. మందను లెక్కపెట్టారు, మేపును మరిచారు. సాహిత్యం చూడనిదాన్ని ప్రభుత్వం చూడలేదని ఆశ్చర్యపోనక్కర లేదు. చూడవలసినదాన్ని ముందుగా చూపవలసినవాడు రచయిత కనుక, మొదటి విమర్శ మనమీదనే చేసుకోవాలి.

ముందు ప్రాచీన సాహిత్యాన్ని చూద్దాం. పోతన భాగవతంలో గోపబాలురు చల్దులారగించే ఘట్టాన్ని ఇష్టపడని తెలుగువాడు లేడు. అక్కడ పచ్చిక ఉన్నది, యమునా తీరమున్నది. పచ్చికకు పన్ను కట్టమని అడిగేవాడు మాత్రం లేడు. అయితే అదే గ్రంథంలో గోవర్ధన ఘట్టాన్ని మరొకసారి శ్రద్ధగా చదవాలి. ఇంద్రునికి చేసే యాగం మాని, మన ఆవులు బతికే కొండకు పూజ చేయండని కృష్ణుడు చెబుతాడు. ఆ మాటలో పశుపాలకుల ఆర్థిక జ్ఞానమున్నది. మన వ్యాఖ్యానాలు కొండనెత్తిన మహిమ దగ్గర ఆగిపోయి, కొండ మేపు అన్న మాటను వదిలేశాయి.

పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో గొర్రె పెంటికనే లింగంగా కొలిచిన గొల్ల భక్తుని కథ ఉన్నది. పండితులు దీన్ని ముగ్ధభక్తికి ఉదాహరణగా పాఠాల్లో చెబుతారు. నేనూ అట్లాగే చదువుకుని ఎం.ఏ. పాసయ్యాను. ఊళ్లో రైతును అడిగితే పెంటిక అంటే ఏమిటో వేరుగా చెబుతాడు. రసాయనిక ఎరువులు రాకముందు కోతలైన చేనులో రాత్రిళ్లు మంద పెట్టించుకోవడానికి రైతు కాపరిని బతిమాలేవాడు. వడ్లో జొన్నలో కొలిచి ఇచ్చేవాడు. అంటే కాపరి రైతు చేనుమీద బతికిన పరాన్నజీవి కాదు; ఆ చేనుకు సత్తువ ఇచ్చిన భాగస్వామి. పెంటికలో గొల్ల భక్తుడు దేవుణ్ణి చూడడం అమాయకత్వం కాకపోవచ్చు. తన బతుకునూ ఊరి పంటనూ నిలిపే వస్తువును అతడు కొలిచాడు. ఈ దృష్టితో ఆ కథను చదవడం మనకు విశ్వవిద్యాలయాలు నేర్పలేదు.

ఇక గొల్లకురుమలు తాము నిలుపుకున్న సాహిత్యానికి వస్తే పరిస్థితి పూర్తిగా భిన్నం. కాటమరాజు కథ మొత్తానికి ఇరుసు పుల్లరి. కరువులో మందలను తోలుకుని నెల్లూరు సీమ మేపులకు పోయిన యాదవులకూ, ఆ సీమ నేలిన నల్లసిద్ధికీ మేపు ఒప్పందం దగ్గర తగవు వచ్చి యుద్ధమైంది. 13వ శతాబ్దపు సంఘటనగా పరిశోధకులు చెప్పే ఈ తగవును మందహెచ్చుల వంటి ఆశ్రిత కులాలవారు తరతరాలుగా పాడుతూ వచ్చారు. పోతన బృందావనంలో లేని పన్ను ఇక్కడ కథకు కేంద్రం. పశుపాలకుల ఇతిహాసం మేపు హక్కుల ఇతిహాసంగా పుట్టిందన్నది మన సాహిత్య చరిత్రకారులు పెద్ద అక్షరాలతో రాయవలసిన విషయం. వారు దీన్ని వీరగాథ అన్న పద్దుకింద వేసి ఊరుకున్నారు.

మా ప్రాంతానికి దగ్గరిది ఒగ్గు కథ. ఒగ్గు అంటే శివుని డమరుకం. బీరప్పకూ మల్లన్నకూ పూజారులైన కురుమలు దాన్ని పట్టుకుని రాత్రంతా కథ నడుపుతారు. కొమురవెల్లి మల్లన్నకు ఒక పక్క మేడలమ్మ, మరొక పక్క గొల్ల కేతమ్మ. గొల్ల ఇంటి ఆడపడుచు దేవుని పక్కన నిలిచిన కథ అది. దున్నుతున్న నేలలో పుట్టలోనుంచి గొర్రెలు వెలువడ్డాయనే పుట్టుక గాథ కూడా కురుమల్లో ఉన్నది. గొర్రె నేలలోనుంచి వచ్చిందన్న ఆ ఊహలోనే నేలకూ మందకూ ఉన్న సంబంధం దాగి ఉన్నది. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు, జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య ఈ కళను పెద్ద వేదికలమీదికి తెచ్చారు. వారిద్దరూ ఇప్పుడు లేరు. ఒగ్గు కథమీద పరిశోధనలు వచ్చాయి. వేషం, వాద్యం, నృత్యం, కథన పద్ధతి అన్నీ పట్టిక వేశారు. కథకుడు పగలు ఏ గుట్టమీద మంద మేపుతున్నాడో, ఆ గుట్ట ఎవరి చేతిలోకి పోయిందో అన్నది మాత్రం ఆ పట్టికల్లోకి ఎక్కలేదు. కళను కాపాడాలన్న ఆరాటం కళాకారుని బతుకుదెరువు దాకా పోలేదు.

ఆధునిక సాహిత్యానికి వద్దాం. అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు 1949లో 'విజయ' అన్న పేరుతో కాకతీయ పత్రికలో రాసిన 'గొల్ల రామవ్వ' మంచి కథ. నైజాం పోలీసులు తరుముతుండగా రాత్రివేళ గుడిసెలో చేరిన ఉద్యమ యువకుణ్ణి కాపాడిన ముసలమ్మ కథ అది. ఆమె తెగువను రచయిత గౌరవంతో చిత్రించాడు. పేరులో గొల్ల ఉన్నది. కథ నిలబడింది మాత్రం వృత్తిమీద కాదు, సాహసంమీద. కథకు అది లోపమని నేననడం లేదు. ఆ కథ ఎత్తుకున్న పని వేరు. నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ ముసలమ్మ పగటి బతుకును రాయడానికి తరువాత వచ్చిన మనలో ఎక్కువమంది పూనుకోలేదు.

తెలంగాణ సాయుధ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్య కురుమ కుటుంబంలో పుట్టినవాడు. ఆయనమీద ఎన్నో పాటలు కట్టాం. పోరాటాన్ని భూమి, వెట్టి అన్న రెండు మాటలతో చెప్పుకుంటూ వచ్చాం. దొరలకు జరిగిన వెట్టిలో గొల్లకురుమలు ఇచ్చుకున్న గొర్రెపిల్లల లెక్క, దొరల కంచెల్లో మంద పడితే కట్టుకున్న దండుగల లెక్క మన రచనల్లో పక్కకు పడ్డాయి. ఇందుకు భిన్నంగా కనిపించేది ఆదిలాబాదు అడవి. 1940లో జోడెఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమురం భీము పోరాటాన్ని అల్లం రాజయ్య, సాహు కలిసి 1983లో నవలగా తెచ్చారు. జలం, జంగల్, జమీన్ అని మూడు మాటలు చెప్పిన చోట మేపు దానంతటదే లోపలికి వచ్చింది. అడవి తన నేల అనుకున్నవాడు పశువు మేతకు జంగలాతువానికి ఎందుకు కట్టాలని అడిగాడు. ఆ ప్రశ్నను కరీంనగర్ గుట్టల దాకా తీసుకువచ్చే రచన మనకు ఇంకా రావలసి ఉన్నది.

గొంగడి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గోచి, గొంగడి, చేతిలో కర్ర అనగానే గద్దర్ రూపం కళ్లముందు నిలుస్తుంది. 2023 ఆగస్టులో ఆయన పోయేదాకా గొంగడి ప్రజాకళాకారుని గుర్తుగా బతికింది. ఇది చిన్న గౌరవం కాదు. కాని వేదికమీద గొంగడి వెలుగుతున్న కాలంలోనే ఊళ్లో గొంగడి చచ్చిపోతూ వచ్చింది. దాన్నిచ్చేది దక్కని నల్లగొర్రె. దూరం నడుస్తుంది, ఎండకూ కరువుకూ తట్టుకుంటుంది, ఏడాదికి రెండుమార్లు కత్తెరకు ఉన్ని ఇస్తుంది. ఆడవాళ్లు ఆ ఉన్నిని వడికేవారు. చింతగింజల గంజి పట్టించి మగ్గంమీద నేసేవారు. మిల్లు దుప్పట్లు చౌకగా వచ్చి ఉన్నికి గిరాకీ పడిపోయింది. మాంసం ఎక్కువ తూగే నెల్లూరు జాతి గొర్రె, బొచ్చు లేనిది, మందలోకి వచ్చింది. ఇప్పుడు దక్కని గొర్రెలున్నవాడు కత్తిరింపుకు తానే ఎదురు డబ్బిచ్చి, ఆ ఉన్నిని పారబోసుకుంటున్నాడు. ప్రతీకను ప్రేమించినవాడు దాని వెనుకనున్న ఉత్పత్తిని పట్టించుకోకపోతే ప్రతీక ఒట్టి దుస్తులుగా మిగులుతుంది.

ఇక అభివృద్ధి సంగతి. 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. సంఘ సభ్యునికి 20 గొర్రెలు, 1 పొట్టేలు. యూనిట్ ధర 1,25,000 రూపాయలు. అందులో 75 శాతం సబ్సిడీ, లబ్ధిదారు వాటా 31,250 రూపాయలు. 2021లో యూనిట్ ధర 1,75,000కు పెరిగింది, వాటా 43,750 అయింది. ఒక వృత్తి కులాన్ని ప్రభుత్వం ఇంత పెద్ద ఎత్తున గుర్తించడం కొత్త విషయం. దాన్ని ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. ఆ గొర్రెలతో నిలదొక్కుకున్న ఇళ్లు మా మండలంలోనే ఉన్నాయి. కాని ఆచరణ ఎట్లా నడిచిందో కాగ్ నివేదిక చెప్పింది. గొర్రెలను తరలించినట్టు రాసిన బండ్ల నంబర్లలో మోటారు సైకిళ్లవి, అంబులెన్సులవి బయటపడ్డాయి. 2024లో అవినీతి నిరోధక శాఖ అధికారులను అరెస్టు చేసింది. పత్రికలు ఈ కుంభకోణాన్ని బాగానే రాశాయి.

కుంభకోణం జరగకుండా, ప్రతి గొర్రె నిజాయితీగా ఇల్లు చేరి ఉన్నా ఒక ప్రశ్న మిగిలేది. 2012 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు సుమారు 1 కోటి 28 లక్షలు. 2019 గణనలో 1 కోటి 90 లక్షలు దాటాయి. దేశంలో మొదటి స్థానం మనదే అయింది. ఆ ఏడేళ్లలో మేపు ఎంత పెరిగింది? నన్ను సరిదిద్దిన పిల్లవాని తండ్రిని అడిగాను. "గొర్లిచ్చిండ్రు సారూ, గడ్డి ఎవలియ్యాలె?" అన్నాడు. పథకంమీద నేను చదివిన వ్యాసాలన్నింటికంటె ఈ ఒక్క వాక్యం బరువైనది.

మేపు ఎటు పోయింది? కరీంనగర్ చుట్టూ గుట్టలు గ్రానైటు క్వారీలయ్యాయి. గుట్టను దేవుడు ఎత్తితే మంద బతికింది. గుత్తేదారు ఎత్తితే మంద రోడ్డున పడింది. గోదావరి తీరంలో బొగ్గు ఓపెన్‌కాస్టులు బీళ్లను మింగాయి. శ్రీరాంసాగర్ కాలువల కింద, ఆ తరువాత వచ్చిన ఎత్తిపోతల కింద రెండు పంటల వరి నిండింది. రైతుకు అది మేలే. కాని కోతకూ నాటుకూ మధ్య చేను ఖాళీగా ఉండే రోజులు తగ్గాయి. మంద దిగడానికి తావు లేదు. వానకాలం పంటలు నిలిచి ఉన్నప్పుడు మంద గుట్టకో అడవికో పోవాలి. ఆదిలాబాదు వైపు పోదామంటే 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం ఏర్పడిన తరువాత కట్టడి బిగిసింది. పులి బతకాలి, కాదనను. అడవి అంచున తరాలుగా మేపుకున్నవాణ్ణి పులికి శత్రువుగా నిలబెట్టడం మాత్రం న్యాయం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కునూ, సంచార పశుపాలకులు రుతువును బట్టి అడవిని వాడుకునే హక్కునూ పేరుపెట్టి గుర్తించింది. గిరిజనేతరులైన గొల్లకురుమలు ఆ హక్కు పొందాలంటే 75 ఏళ్ల నివాసం, మూడు తరాల ఆధారం చూపాలి. మందవెంట తిరిగిన తాతకు కాగితాలెక్కడివి?

2015లో మొదలైన హరితహారం మొక్కలకోసం కొన్నిచోట్ల బంచరాయి చుట్టూ కంచె పడింది. 2019 సెప్టెంబరులో హుజూరాబాదులో మొక్కలు మేశాయని రెండు మేకలను పోలీసు స్టేషనుకు పట్టుకుపోయి, యజమానికి వెయ్యి రూపాయల జరిమానా వేసిన వార్త దేశమంతా నవ్వుతూ చదివింది. గొర్రెలను సబ్సిడీమీద ఇచ్చిన కాలమే అది. ఒక చేత్తో జీవాన్నిచ్చి మరొక చేత్తో అది మేసే చోటికి తాళం వేయడం చూసి నవ్విన మనం, అందులో కాటమరాజు నాటి పుల్లరి తగవు ఉన్నదని గుర్తించలేదు. ఏడు వందల ఏళ్ల కిందటి జానపదుడు గుర్తించాడు.

ఈ వాదనమీద రెండు అభ్యంతరాలు రావచ్చు. ఇది కులవాదం కాదా అన్నది మొదటిది. కాదు. మేపు సమస్య ఉత్పత్తి సాధనం సమస్య. ఊరుమ్మడి నేల ఎవరిది అన్న ప్రశ్న అది; మేకలు పెంచుకునే దళితునికీ, పశువులున్న గోండు రైతుకూ అదే ప్రశ్న. కుల సంఘ భవనాలకు స్థలం, పదవుల్లో వాటా అడిగే నాయకులు మేపును ఎజెండాలో వెనక్కు నెట్టినప్పుడు వారిని కూడా రచయిత విమర్శించాలి. మూడు వందల గొర్రెలున్నవాడూ, అతని మందకు జీతం ఉండే కుర్రవాడూ ఒకే కులమైనా ఒకే స్థితి కాదని చూపవలసిందీ రచయితే. పాత వృత్తిని పట్టుకుని వేలాడమంటున్నావా అన్నది రెండో అభ్యంతరం. ఆ పిల్లవాడు డాక్టరు కావాలనుకుంటే నేను సంతోషిస్తాను. వృత్తిని విడవడం అతని ఎంపిక కావాలి. మేపు గుంజుకుని విడిపించడం ఎంపిక కాదు. కురుమ కుటుంబంలో పుట్టిన కంచ ఐలయ్య తన రచనల్లో ఈ కులాల శ్రమజ్ఞానాన్ని చర్చకు పెట్టారు. ఆ చర్చ వ్యాసంలో వచ్చింది. కథకులు, నవలాకారులు దాన్ని మనుషులుగా, రోజులుగా, రుతువులుగా మలచవలసి ఉన్నది.

ఆ జ్ఞానం ఎట్లాంటిదో ఒక ఉదాహరణ. తొలకరి వానలకు లేచిన లేతగడ్డి ఆబగా మేస్తే గొర్రె చిటుకు రోగంతో చిటుక్కున పడిపోతుందని కాపరికి తెలుసు. అందుకని ఆ రోజుల్లో మందను పచ్చికమీదికి ఒక్కసారిగా వదలడు. ఎండ నెత్తికెక్కగానే గొర్రెలు ఒకదాని పొట్టకింద ఒకటి తలపెట్టి నిలబడతాయి. దూరంనుంచి చూసినవాడు మందబుద్ధి అంటాడు, కాపరి నీడ పంచుకోవడం అంటాడు. సాధికారత అన్న మాటను మనం సభల్లో తరచుగా వాడుతున్నాం. తనకు తెలిసినదాన్ని తెలివిగా గుర్తింపజేసుకోవడం సాధికారతలో మొదటి మెట్టు. పథకం రాసేటప్పుడు ఏ జాతి గొర్రె కావాలో కాపరిని అడగకపోవడం, కథ రాసేటప్పుడు ఏ మాట వాడతావో అడగకపోవడం ఒకే రకం అహంకారం.

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికభూముల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా 2022లోనే ప్రకటించింది. ప్రపంచం నేలనూ మనిషినీ ఒకే పేరులో కలిపింది. మనం రచనల్లో ఆ పని చేయాలి. యువ రచయితలు ఒక్క వానకాలమైనా మందవెంట నడవాలి. మగవాళ్లు వలసపోయినప్పుడు ఇంటిదగ్గర గొర్రెపిల్లలను సాకే ఆడవాళ్లతో కూర్చోవాలి. సాహిత్య విద్యార్థులు ఒగ్గు కథమీద సిద్ధాంత గ్రంథం రాసేటప్పుడు ఒక అధ్యాయం ఆ కథకుని ఊరి బంచరాయికి కేటాయించాలి: యాభై ఏళ్ల కిందట ఎన్ని ఎకరాలు, ఇప్పుడెన్ని, ఎవరి పేరుమీద. గొర్రెకు రంగును బట్టి, చెవిని బట్టి కాపరులు పెట్టుకున్న పేర్లు నిఘంటువుల్లోకి రావాలి. ఆ పేర్లు పోతే అవి సూచించిన చూపు కూడా పోతుంది.

గడ్డరికాప్రవాహ న్యాయాన్ని నేను ఇప్పటికీ పాఠంలో చెబుతున్నాను, సిలబసులో ఉన్నది కనుక. పుస్తకంలోని అర్థం చెప్పిన తరువాత, మా బడి పిల్లవాడు చెప్పిన అర్థం కూడా నల్లబల్లమీద రాస్తున్నాను. పరీక్షలో దానికి మార్కులు రావని పిల్లలకు ముందే చెబుతున్నాను. మన విమర్శలోనైనా దానికి మార్కులు పడాలి.